సాకేత్‌లో కృష్ణుడి భర్తీ
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం "సైనికుడు – నాటక కళ". నేను చదివింది ఇంటర్మీడియట్. ఆ తర్వాత 28 ఏళ్లు ఫిరంగుల దగ్గర గడిచిపోయాయి. కళ గురించి పెద్ద మాటలు నాకు రావు. అందుకని నాకు తెలిసిన ఒక్క ఆదివారం సంగతి చెబుతాను. కిందటేడు మన వార్షికోత్సవానికి "పాండవోద్యోగ విజయాలు"లోని పడక సీను వేశాం కదా. ఆ వేషాలకు మనుషుల్ని ఎంచిన రోజు అది. ఎంపిక జరిగింది ఇక్కడే, సాకేత్‌లో. సాకేతం అంటే అయోధ్య కదండీ, రాముడి ఊళ్లో కృష్ణుణ్ణి వెతుక్కున్నామన్నమాట.

మన సంఘాల్లో వేషాలు ఎలా ఇస్తారో మీకు తెలియనిది కాదు. చందా ఎక్కువ ఇచ్చినవారికి కిరీటం. హోదా పెద్దదైతే కృష్ణుడు. పాట వచ్చినా రాకపోయినా సరే. మిగిలినవాళ్లు ద్వారపాలకులు, తెర లాగేవాళ్లు. ఊళ్లలో కూడా ఇదే వరస. మా పశ్చిమ గోదావరిలో ఒక కామందు, డ్రస్సు కంపెనీ అద్దె తానే కట్టాను కాబట్టి కృష్ణుడు తానే అని కూర్చోవడం, జనం పద్యం పద్యానికీ చప్పట్లు కొట్టి (ఆపమని) ఏడిపించడం నా చిన్నప్పుడు కళ్లారా చూశాను.

ఈసారి అలా జరగలేదు. కారణం హార్మోనియం మాస్టారు. ఆయన ఫరీదాబాద్ నుంచి వచ్చారు. డెబ్బై దాటినవారు. వచ్చీ రాగానే ఒక షరతు పెట్టారు. "బాబూ, నాకు హోదాలు తెలీవు. చీటీ మీద నంబరు వేసి ఇవ్వండి. నంబరు పిలుస్తాను, వచ్చి పాడాలి. నచ్చకపోతే పెట్టె సర్దుకుని పోతాను."

అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మాలో కల్నల్‌గా రిటైరైనవారు ఒకరున్నారు. ఆయన కృష్ణుడి వేషం మీద మనసు పడ్డారని అందరికీ తెలుసు. ఆయన చెయ్యి చాచి చీటీ తీసుకున్నారు. ఏడో నంబరు. నాది నాలుగు. "సుబేదార్ సాబ్, నా ముందు మీరే" అని నవ్వారు. ఆ నవ్వుతో హాలు కాస్త తేలికపడింది.

నాకు ఆ క్షణంలో నా భర్తీ రోజు గుర్తొచ్చింది. 1987లో ఛాతీ కొలిచి, గాలి పీల్చమని అయిదు సెంటీమీటర్లు పెరిగిందా లేదా చూసి, మైలు పరుగెత్తించి, తొమ్మిది అడుగుల గొయ్యి దూకించారు. అక్కడా మన పేరెవడూ అడగలేదు. ఛాతీ మీద సుద్దతో నంబరు రాశారు. ఆ గొయ్యి దూకడం కంటే ఈ హార్మోనియం ముందు నిలబడడమే కష్టమండీ. గొయ్యిలో పడితే కాలు బెణుకుతుంది, అంతే. పద్యంలో పడితే నలుగురూ చూస్తారు.

పడక సీను తెలియని తెలుగువాడు ఉండడనుకుంటాను. అయినా ఢిల్లీలో పుట్టిన పిల్లలున్నారు గనక రెండు ముక్కలు చెబుతాను. కురుక్షేత్రానికి ముందు రెండు పక్షాలూ సైన్యం కూడగట్టుకుంటున్న రోజులు. దుర్యోధనుడు ద్వారకకు ముందొచ్చి, నిద్రపోతున్నట్టు పడుకున్న కృష్ణుడి తల దగ్గర ఎత్తు పీట మీద కూర్చుంటాడు. అర్జునుడు తర్వాత వచ్చి కాళ్ల దగ్గర నిలబడతాడు. కళ్లు తెరిచిన కృష్ణుడికి ముందు కనిపించేది అర్జునుడే. ఆపైన నారాయణ సేన అంతా ఒక వంక, ఆయుధం పట్టని తాను ఒక వంక అని పంపకం పెట్టి, చిన్నవాడు ముందు కోరుకోవాలంటాడు. ఈ నాటకాలు రాసిన తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతి శాస్త్రిగారిది (1872–1920) మా జిల్లాలోని యండగండి. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారు (1870–1950) కడియంలో ఉండేవారు. రెండు ఊళ్ల పేర్లూ మా ఇంట్లో పుణ్యక్షేత్రాల్లా వినపడేవి.

ఎందుకంటే మా నాన్నగారికి నాటకాల పిచ్చి. పిచ్చి అనే మాట మా అమ్మది. రెండెకరాల రైతు, పొలానికి నీళ్లు పెడుతూ పద్యాలు పాడేవాడు. ఊరి జట్టులో రెండో కృష్ణుడు. పాత రోజుల్లో ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులుండేవారని పెద్దలకు తెలుసు. పడక సీనుకి ఒకరు, రాయబారానికి ఇంకొకరు. పేరున్న మొదటి కృష్ణుణ్ణి కాంట్రాక్టరు పైనుంచి తెచ్చేవాడు. షణ్ముఖి ఆంజనేయరాజుగారిని, పీసపాటి నరసింహమూర్తిగారిని వినడానికి బళ్లు కట్టుకుని వెళ్లిన కాలం అది. రెండో కృష్ణుడి వంతు వచ్చేసరికి తెల్లారుజాము అయ్యేది. జనంలో సగం మంది నిద్ర. మా నాన్న ఆ నిద్రపోయేవాళ్లకి పాడేవాడు. ఆ వేషాల అద్దెలకీ, జట్టు ఖర్చులకీ ఒక ఎకరం తాకట్టులో పోయింది. నేను భర్తీకి వెళ్లిన ఏడాదే అది. పోయేటప్పుడు గుమ్మంలో నిలబడి, "ఇక నా నోట పద్యం రాదు నాన్నా" అన్నాను. ఆయన మాట్లాడలేదు.

గోల్కొండ ఆర్టిలరీ సెంటరులో ట్రైనింగు మొదలైన నెలకి ఇన్లాండ్ లెటరు వచ్చింది. పొలం సంగతి, గేదె సంగతి, అమ్మ మోకాలి నొప్పి సంగతి రాసి, చివర మిగిలిన చోట ఒక పద్యం. అర్థం లేదు, వివరం లేదు, ఉత్త పద్యం. తర్వాత ఎక్కడికి పోస్టింగు అయినా, 56 ఎ.పి.ఓ. చిరునామాకి వచ్చిన ప్రతి ఉత్తరం చివరా అంతే. నేను పద్యం జోలికి వెళ్లకుండా పైన రాసినదానికే జవాబిచ్చేవాణ్ణి. ఆయన 2003లో పోయారు. నేను పదో రోజుకి చేరాను. అమ్మ ఆయన పద్యాల నోటు పుస్తకం నా చేతిలో పెట్టింది. దాన్ని నా నల్ల బక్సా అడుగున పెట్టి, రిటైరయ్యేదాకా తియ్యలేదు.

కిందటేడు మన సర్క్యులర్‌లో "పడక సీను" అన్న మాట చూశాక బక్సా తీశాను. మూడు నెలలు పొద్దున్నే టెర్రస్ మీద సాధన చేశాను. మా ఆవిడ, "ఈ వయసులో ఎవరి మీద కోపం ఇది?" అంది.

సరే, ఎంపికకు వద్దాం. మాస్టారి పద్ధతి ఇలా ఉంది. ముందు పద్యాన్ని రాగం లేకుండా, మాట్లాడుతున్నట్టు చెప్పమన్నారు. కృష్ణుడు కళ్లు తెరిచి దుర్యోధనుడి కుశలం అడిగే పద్యం ఇచ్చారు. తమ్ముళ్లు, కొడుకులు, చుట్టాలు, కర్ణుడు, భీష్ముడు, ద్రోణుడు, అందరి క్షేమమూ అడుగుతాడు. అది శార్దూలం. పాదానికి 19 అక్షరాలు. ఎక్కడ గుక్క తిప్పుకోవాలో తెలియకపోతే ద్రోణుడి దాకా వెళ్లేసరికి ప్రాణం పోతుంది. రాగంతో అయితే ఆ లోటు దాచుకోవచ్చు, ఉత్త మాటగా చెబితే దాగదు. ఒకటో నంబరు నుంచి మూడో నంబరు దాకా అక్కడే తేలిపోయారు.

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను. మన నాటకంలో పద్యాలు, పాటలు వచ్చి చేరడానికి ముఖ్యులు బళ్లారి ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు (1853–1912). ఆంధ్ర నాటక పితామహుడని బిరుదు. అదే ఊరి బళ్లారి రాఘవగారికి (1880–1946) పద్యాన్ని రాగం కోసం సాగదీయడం గిట్టేది కాదు. ఆయన వృత్తికి వకీలు. మాట నమ్మించాలి, రాగం కాదు అన్నది ఆయన పట్టుదల. మైకులు లేని రోజుల్లో వెనక వరసలో కూర్చున్నవాడికి వినపడాలంటే పై శ్రుతిలో సాగదీసి పాడక తప్పేది కాదు. అవసరం కోసం పుట్టిన అలవాటు తర్వాత గొప్ప అయి కూర్చుంది. నా మటుకు నాకు రాఘవగారి వాదం న్యాయమే అనిపిస్తుంది గానీ, మంచి గొంతు మోహనలో ఒక పాదం ఎత్తుకుంటే న్యాయం అన్యాయం గుర్తుండవండీ. వన్స్ మోర్ అనే అంటాను.

నాలుగో నంబరు పిలిచారు. మాట వరకు బాగా చెప్పాను. మాస్టారు తల ఊపారు. "ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అన్నారు. "పొలం గట్టు మీదండి" అన్నాను. తర్వాత శ్రుతి ఇచ్చారు. కళ్లు మూసుకుని ఎత్తుకున్నాను. మొదటి పాదం, రెండో పాదం. నాకు అద్భుతంగా పాడుతున్నట్టే ఉంది. కళ్లు తెరిచేసరికి ఎవరూ నావైపు చూడ్డం లేదు. కొందరు నేలవైపు చూస్తున్నారు. మాస్టారు హార్మోనియం ఆపేశారు.

"సుబేదార్‌గారూ, మీకు ఏ చెవి?" అన్నారు.

ఆ మాట నేను ఇంట్లో కూడా చెప్పలేదు. 1999లో ద్రాస్‌లో మా గన్ పొజిషన్. జూన్, జులై నెలల్లో రాత్రీ పగలూ లేదు. చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లం, అది ఎప్పుడో జారిపోయేది, మళ్లీ పెట్టుకునే తీరిక ఉండేది కాదు. పైన కొండ మీదికి మన పదాతి కుర్రాళ్లు ఎక్కుతున్నారు. వాళ్ల నెత్తి మీదుగా గుండ్లు వెళ్లాలి. దూది గురించి ఎవడు ఆలోచిస్తాడు? కుడి చెవిలో ఒక ఈల మొదలైంది. ఇప్పటికీ ఉంది. రిలీజ్ మెడికల్‌లో కాగితం మీద రాశారు. నేను మడిచి పెట్టుకున్నాను. మాటలు వినపడతాయి కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. ఫిరంగి ముందు పై స్వరాలనే తినేస్తుందని, మాట మిగిలినా శ్రుతి మిగలదని ఆ రోజు హార్మోనియం ముందే తెలిసింది.

"కుడి" అన్నాను. ఆయన లేచి, ఆ వయసులో, హార్మోనియం తానే మోసుకుని నా ఎడమవైపుకి వచ్చి కూర్చున్నారు. మళ్లీ పాడాను. మొదటిదానికంటే నయం. పై షడ్జం దగ్గర గొంతు విరిగింది. మాస్టారు, "అర్థం మీకున్నంత ఎవరికీ లేదు. కానీ కృష్ణుడు కష్టం" అన్నారు. ఆర్మీలో అన్‌ఫిట్ అన్న మాట ఎంతమందికి చెప్పానో. విన్నది మాత్రం అదే మొదటిసారి.

అయిదు, ఆరు అయ్యాయి. ఏడో నంబరు కల్నల్‌గారు పాడారు. గొంతు ఉంది, పద్యం లేదు. ఎనిమిదో నంబరు ఒక అమ్మాయి.

మన హవల్దార్ ఒకాయన కూతురు. డిగ్రీ రెండో సంవత్సరం. పుష్ప విహార్ నుంచి నడిచి వచ్చింది. తండ్రి వెనక వరసలో భయంగా కూర్చున్నాడు. ఆమె చేతిలో కాగితం ఉంది. పక్కనే ఉన్నాను గనక చూశాను. పద్యమంతా హిందీ అక్షరాల్లో రాసుకుంది. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. అమ్మమ్మ ఫోనులో చెప్పిందట, తక్కినది సెల్లులో పాత నటుల పద్యాలు వింటూ నేర్చిందట.

మాటగా చెప్పినప్పుడు రెండు చోట్ల పదం తప్పు విరిచింది. ఆ తర్వాత శ్రుతి అందుకుంది. నాకు ఎడమ చెవి ఒక్కటే పనిచేస్తుంది కదా, ఆ ఒక్కదాంట్లోంచే వెన్ను దాకా దిగింది. ద్రోణుడి దగ్గరికి వచ్చేసరికి మా నాన్న తెల్లారుజామున, సగం జనం నిద్రపోతుంటే పాడినప్పటి గొంతు వినపడ్డట్టయింది. ఎందుకో తెలీదు. ఆయనది అంత మంచి గొంతు కూడా కాదు.

మాస్టారు సంతోషంగా ఉన్నారు. కమిటీలో గొణుగుడు మొదలైంది. ఆడపిల్ల కృష్ణుడేమిటి అని ఒకరు. తెలుగు చదవడం రానివాళ్లకి తెలుగు సంఘం నాటకంలో ముఖ్య వేషమా అని ఇంకొకరు. రేపు సావనీరులో ఏం రాస్తాం అని మూడోవారు.

నేను లేచాను. నా పేరు కొట్టేసిన పది నిమిషాలకే లేచి మాట్లాడాల్సి వచ్చింది. మొదటి అభ్యంతరానికి జవాబు సులువు. స్థానం నరసింహారావుగారు చీర కట్టి సత్యభామ వేస్తే మనవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు, 1956లో పద్మశ్రీ వచ్చింది. మగవాడు సత్యభామ కావచ్చుగానీ ఆడపిల్ల కృష్ణుడు కాకూడదా? 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి సమాజంలో, మిగతాచోట్ల మగవాళ్లు ఆడవేషాలు కట్టే రోజుల్లోనే, ఇంటి ఆడవాళ్లు రంగస్థలం ఎక్కారు. రెండో అభ్యంతరం దగ్గర నాకు కొంచెం కోపం వచ్చింది. నిజం చెప్పొద్దూ, ఆ పిల్లకి చదవడం రాకపోవడం ఎవరి తప్పు? మనం లేహ్‌లో ఉంటే పిల్లలు లేహ్‌లో చదివారు, జోధ్‌పూర్‌లో ఉంటే జోధ్‌పూర్‌లో. మూడేళ్లకొక బడి. మన ట్రాన్స్‌ఫర్లు తిన్న అక్షరాలవి. ఊళ్లలో ఎన్ని తరాలు పలక పట్టనివాళ్లు చెవిన విని భారతం పద్యాలు పాడలేదు? చెవి ఉంటే చాలు. చెవి లేని నేను చెబుతున్నాను, చెవే కావాలి. చదవడానికి నేనున్నాను.

అనేశాక గానీ నాకే తెలియలేదు ఏమన్నానో. మాస్టారు వెంటనే పట్టుకున్నారు. "అయితే ప్రాంప్టింగు మీది" అని రాసేసుకున్నారు.

కల్నల్‌గారు అప్పటిదాకా మాట్లాడలేదు. ఇప్పుడు, "సీన్‌లోనే ఉంది కదా, చిన్నవాళ్లు ముందు కోరుకోవాలని. కోరుకోనివ్వండి" అన్నారు. ఆయన దుర్యోధనుడయ్యారు. ఆ వేషానికి మాట గంభీరం ఉంటే సగం పని అయిపోయినట్టే. అర్జునుడు మన ఎయిర్‌ఫోర్స్ కుర్రాడు. తక్కిన సంగతులు మీరు చూసినవే.

రిహార్సల్స్ ఎనిమిది ఆదివారాలు, అదే హాల్లో. మెట్రో దిగి ఆ దారిన నడుస్తుంటే 1997లో దేశంలో మొదటి మల్టీప్లెక్సుగా మారిన అనుపమ్ సినిమా హాలు మీదుగా రావాలి. అక్కడికి పోయే జనాన్ని చూసి మా ఎయిర్‌ఫోర్స్ అర్జునుడు, "మనకీ ఇంతమంది వస్తారా అన్నా?" అనేవాడు. ఆ అమ్మాయి మొదటి రోజే అడిగింది: "అంకుల్, అక్షౌహిణి అంటే ఎంత?" అది నా సబ్జెక్టు కదండీ. రథాలు 21,870, ఏనుగులు 21,870, గుర్రాలు 65,610, కాల్బలం 1,09,350. మొత్తం 2,18,700. అలాంటివి కౌరవులకు పదకొండు, పాండవులకు ఏడు. "అంత తేడా ఉండి కూడా అర్జునుడు సైన్యం వద్దన్నాడా?" అంది. కల్నల్‌గారు అందుకుని, "నేనైతే సైన్యమే తీసుకునేవాణ్ణి. అందుకే దుర్యోధనుడి వేషం వేశారు నాకు" అన్నారు.

వార్షికోత్సవం రాత్రి నేను రెక్క పక్కన కుర్చీ వేసుకుని, ఎడమ చెవి రంగం వైపు పెట్టి, మా నాన్న నోటు పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అమ్మాయి ఒక్క అక్షరం తప్పలేదు. తప్పింది దుర్యోధనుడు. రెండో పద్యంలో మూడో పాదం ఎగిరిపోయి, మీసం మెలేస్తూ నావైపు తిరిగారు. నేను అందించాను. వినపడలేదు. మళ్లీ అందించాను. "లౌడర్!" అన్నారు, పరేడ్ గ్రౌండ్ గొంతుతో. మొదటి రెండు వరసలు విన్నాయి. మీరు నవ్వింది దానికే. వన్స్ మోర్ మాత్రం అమ్మాయికే వచ్చింది.

ఇప్పుడా నోటు పుస్తకం వారంలో మూడు రోజులు పుష్ప విహార్‌లో ఉంటుంది. నేను చదువుతాను, ఆమె మా నాన్న రాసిన వరస పక్కనే పెన్సిలుతో హిందీలో రాసుకుంటుంది. మొదట పేజీ పాడవుతుందని అభ్యంతరం చెప్పబోయాను. తర్వాత ఊరుకున్నాను. మొన్న ఒక పేజీలో నాలుగు తెలుగు అక్షరాలు కూడా కనపడ్డాయి. వంకరగా ఉన్నాయి.

నాకిచ్చిన సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. చివరగా ఒక ప్రకటన. ఈ ఏడాది రాయబారం సీను అనుకున్నాం. కర్ణుడు, అశ్వత్థామ, వికర్ణుడు, భీష్ముడు కావాలి. ఇద్దరు కృష్ణుల పాత పద్ధతి మళ్లీ పెడదామని మాస్టారి ఆలోచన. ఎంపిక వచ్చే నెల రెండో ఆదివారం, ఉదయం పది గంటలకు, సాకేత్‌లో అదే హాలు. చీటీలు తలుపు దగ్గరే ఇస్తాం. ఏ లిపిలో రాసుకొచ్చినా ఫరవాలేదు. ప్రాంప్టరు కుర్చీ మాత్రం ఖాళీ లేదు.

సెలవు. జై హింద్.